గుడారాన్ని మూట కట్టిన యెషయా

టికెట్టు లేకుండా, రన్‌వే లేకుండా, రెక్కలు లేకుండా శంషాబాద్‌లో గాలిలోకి లేచిన మనిషి ఒక్కడే. తొండుపల్లి యెషయా. కొత్వాల్‌గూడ అవతల సువార్త సభల మైదానంలో, నీలం టార్పాలిన్ పట్టా తాడు చేతికి చుట్టుకుని లేచాడు. దిగుతున్న విమానం ఆయనకు దారిచ్చి పక్కకు తిరిగిందనీ, కిటికీ దగ్గర కూర్చున్న దుబాయి ప్రయాణికుడు చెయ్యి ఊపాడనీ తొండుపల్లి హోటల్లో ఏ పూట చాయ్ తాగినా వినబడుతుంది. నమ్మనివాళ్లు చాయ్ తాగేసి లేచిపోవచ్చు. కూర్చున్నవాళ్లకు మాత్రం మొదటి నుంచి చెప్పాలి. మనిషన్నవాడు ఊరికే లేవడు కదా.

యెషయాది విమానాశ్రయం దగ్గర సరుకుల షెడ్డులో ప్యాకింగ్ పని. మందుల డబ్బాలు, మోటారు సామాన్లు, పెళ్లి బట్టలు, ఏ దేశం పోయేవైనా ముందు ఆయన చేతుల్లో పడాల్సిందే. పల్చటి ప్లాస్టిక్ చుట్ట పట్టుకుని పెట్టె చుట్టూ ఆయన తిరగడం చూస్తే గానుగెద్దుకు కూడా కళ్లు తిరుగుతాయి. ఆయన చుట్టిన పెట్టెను హిమాయత్ సాగర్‌లో పడేసి వచ్చే ఎండాకాలం తీసినా లోపలి అగ్గిపుల్ల భగ్గున మండుతుంది. టేపు కొస ఎక్కడుందో కనిపెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఇంట్లోనూ అదే చెయ్యి. రిమోట్‌కు కవరు, పప్పు డబ్బాకు కవరు, బైబిలుకు కవరు మీద కవరు.

"చిన్నప్పుడు నన్ను గూడ చుట్టిండు మా బాపు. ముక్కు ఒక్కటి ఇడిచిపెట్టిండు, గంతే" అంటుంది కూతురు డోర్కాస్. శంషాబాద్‌లో బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల, మాట కత్తెరలాగే ఉంటుంది.

నవ్వులు ఇక్కడి దాకే. యెషయా భార్య లీలమ్మకు ఆయాసం. పోయిన వానాకాలం అది ముదిరి దవాఖానలో పడేసింది. ముక్కుకు గొట్టం పెట్టుకుని, బతికి లేస్తే ఈసారి సభలు మూడు రోజులూ మైదానంలోనే ఉండి వింటానని ఆమె దేవునికి మొక్కుబడి చేసుకుంది. పక్కన కూర్చున్న యెషయా ఆమెన్ అన్నాడు. డాక్టరు మాట వేరేగా ఉంది. తడవొద్దు, చలిగాలి తగలొద్దు, ఇంకోసారి ఇంత ముదిరితే దవాఖాన దాకా రావడమే కష్టం.

"పోకపోతే దేవునికి అబద్ధమాడినట్టు, పోతే డాక్టరుకు" అన్నది లీలమ్మ. "నువ్వే జెప్పు."

"పోదాం. చుక్క తగలకుండ జూస్త" అన్నాడు యెషయా. అన్నాక ఆయనకు నిద్ర పట్టడం మానేసింది.

సభలంటే చూసినవాళ్లకు తెలుసు. కుటుంబాలకు కుటుంబాలు పిల్లాజెల్లాతో, చాపలూ గిన్నెలతో దిగి పొలంలో గుడారాలు వేసుకుంటాయి. అందరి గుడారాల నోళ్లూ స్టేజీ వైపే. వాక్యానికి వీపు పెట్టి ఎవరూ వేయరు. యెషయా కూడా వేయలేదు. మంచం మీద ఒరిగి కూడా లీలమ్మ వినాలని, గుడారం నోరు స్టేజీకి ఎదురుగా పెట్టాడు.

మిగతా పనంతా మెచ్చుకోవాల్సిందే. నీళ్లు నిలిచే పల్లం వదిలేసి గట్టు పక్కన జాగా చూశాడు. చెప్పులు విప్పి నడిచి, కాలికి తగిలిన రాయినల్లా ఏరాడు. మేకులు నిటారుగా కాకుండా గుడారానికి ఎడంగా వంచి దిగ్గొట్టాడు. ఏనుగు లాగినా రావు. చుట్టూ సన్నటి కాలవ తీశాడు. కింద పరిచిన ప్లాస్టిక్ అంచులు బయటికి వస్తే వాననీళ్లు లోపలికి పిలిచినట్టేనని వాటిని లోపలికి మడిచాడు. నేల చలి వీపుకు ఎక్కకుండా మడత మంచం. పొడి బట్టలకు మూత బిగిసే రంగు డబ్బా. నీళ్ల సీసా వెనక ఫోను లైటు పెడితే గుడారమంతా పెళ్లిపందిరి.

అక్కడితో ఆగిపోతే ఈ కథ లేదు. ఆగలేదు. షెడ్డులో అడిగి తెచ్చుకున్న ప్లాస్టిక్ చుట్ట తీసి గుడారం చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. గుడారానికి గాలి కోసం పైన ఉన్న జాలీ కిటికీల మీద కూడా చుట్టేశాడు. దాని మీద పట్టా, పట్టా మీద తాళ్లు, సందుల్లో టేపు.

పక్కన కందుకూరు నుంచి వచ్చిన ఇమ్మాన్యుయేల్ కుటుంబం ట్రాక్టర్ ట్రాలీలోనే కాపురం పెట్టింది. ట్రాలీ మీద ఇనుప కమ్మీలు వంచి పట్టా కప్పారు, ముందూ వెనకా ఖాళీ. ఇమ్మాన్యుయేల్ వేపపుల్ల నములుతూ చాలాసేపు చూశాడు.

"యెషయన్నా, లోపట అక్కను పెడుతున్నవా, మామిడికాయలు మాగపెడుతున్నవా?"

"నీ ట్రాలీ సంగతి జూస్కో. వానొస్తే ఆ పక్క నుంచి ఈ పక్కకు ఈదుకుంట పోతవ్."

లీలమ్మ మొదటి రోజంతా గుడారం ముందు కుర్చీలో కూర్చుని విన్నది. నవ్వుతూనే ఉంది. యెషయా మాత్రం వాక్యం వినలేదు, ఊపిరికి ఆమె ఛాతీ లేచి దిగడమే చూశాడు.

రెండో రోజు మధ్యాహ్నం డోర్కాస్ అన్నం తేవడానికి వంటల దగ్గరికి పోయింది. అప్పుడే మబ్బు కమ్మి, వాన సూటిగా స్టేజీ వైపు నుంచి కొట్టింది. వాక్యానికి తెరిచిన నోళ్లన్నింట్లోకీ నీళ్లు పోయాయి. యెషయా లీలమ్మను లోపలికి పంపి, జిప్పు లాగి, ముందు వైపు కూడా పట్టా దించి, తడుస్తూనే ప్లాస్టిక్ చుట్టాడు. కింద మిగిలిన సందులోంచి పాక్కుంటూ లోపలికి దూరి, తడి చొక్కా మార్చుకుని, ఆ సందుకు కూడా లోపలి నుంచి టేపు వేశాడు.

"సూడు లీలా. ఒక్క చుక్క లేదు."

లీలమ్మ తల ఊపింది. కాసేపటికి ఆమె నుదుటి మీద చుక్క పడింది. యెషయా పైన తడిమి చూశాడు. చిల్లి లేదు. ఇంకో చుక్క పడింది. గోడలన్నీ చెమట పట్టినట్టు కారుతున్నాయి. అవి వాననీళ్లు కావు, వాళ్లిద్దరి ఊపిరి. దోమల కోసం పొద్దున ముట్టించిన చక్రం వాసన ఎటూ పోలేక అక్కడే తిరుగుతోంది.

లీలమ్మ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. పోయిన వానాకాలం తర్వాత ఆ చప్పుడు ఆయన వినలేదు.

"జర తెరువయ్యా."

"తెరిస్తే తడుస్తవు లీలా. మందు ఇస్త ఆగు."

గుక్కెడు గాలికి పీల్చే మందు మందుల డబ్బాలో ఉంది. డబ్బా తడవకుండా చుట్టి ఉంది. గోళ్లతో కొస వెతికాడు. దొరకలేదు. ఆయన చుట్టింది కదా. కత్తి గిన్నెల మూటలో ఉంది. ఆ మూటను కూడా ఆయనే చుట్టాడు. డబ్బాను నోటికి తీసుకుని పళ్లతో పీకాడు. ప్రభువా అందామన్నా నోటినిండా టేపు.

మందు బయటికి వచ్చింది. ఊపి ఆమె నోట్లో పెట్టి నొక్కాడు. లీలమ్మ లోపలికి లాగలేకపోయింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి. చేత్తో గోడ చూపించింది, అంతే, ఇక మాట లేదు.

యెషయా జిప్పు తెరిచాడు. అవతల పట్టా, దాని మీద ప్లాస్టిక్. భుజంతో గుద్దాడు. మేకులు కదల్లేదు, ఏనుగుకే రానివి ఆయనకేం వస్తాయి? ఇమ్మాన్యుయేలూ అని అరిచాడు. బయట మైకులో పాట, పైన వాన. చేసిన మంచి పని ఒక్కొక్కటీ ఆమె గొంతు మీద కూర్చుంది. ఆఖరికి గుడారం కడ్డీని మోకాలికి పెట్టి విరిచి, ఆ మొనతో వాన కొట్టని వైపు, గుడారం వెనక గోడను చీల్చాడు. గుడ్డ, ప్లాస్టిక్, పట్టా, మళ్లీ ప్లాస్టిక్. చీలికలోంచి వెలుగూ గాలీ ఒక్కసారే వచ్చాయి. లీలమ్మను లేపి ఆమె మొహం ఆ చీలికకు ఆనించాడు.

ఇగ ఆయన లేచింది ఇక్కడే. కడ్డీ విరిగి సగం కూలిన గుడారం మీద పట్టా వదులైంది, దాని కింద గాలి దూరింది, తాడు ఆయన మణికట్టుకు మెలిపడింది. కాలవ మీదుగా, ట్రాలీ మీదుగా, పాడేవాళ్ల తలల మీదుగా పోయాడు. కంట్రోల్ టవర్లో కూర్చున్నాయన, ఎవరిదిరా ఈ నీలం విమానం అని అడిగాడట.

కింద ఇమ్మాన్యుయేల్ పరుగెత్తుకొచ్చాడు. మడత మంచంతో సహా లీలమ్మను ఎత్తి ట్రాలీలో పెట్టారు. పైన కప్పు, ముందూ వెనకా గాలి. వాన అక్కడికి తుంపరగా మాత్రమే వచ్చింది. ఇమ్మాన్యుయేల్ భార్య లీలమ్మ వీపుకు దుప్పట్ల మూట ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, మందు మళ్లీ నొక్కింది. ఈసారి కొంచెం లోపలికి పోయింది.

డోర్కాస్ అన్నం పొట్లాలతో వచ్చి తల్లిని చూసి పొట్లాలు బురదలో వదిలేసింది.

"ట్రాక్టర్ తియ్యన్నా. దవాఖానకు పోదాం."

"కార్లన్నీ బురదల దిగబడ్డయ్, దారి లేదు. పొలంల నుంచి తీస్త, పట్టుకొని కూసో" అని ఇమ్మాన్యుయేల్ ఇంజను ఎక్కాడు. ట్రాక్టర్ దడదడమంది. లీలమ్మ చెయ్యెత్తింది. అందరూ ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డారు. పిల్లికూత ఒకటి పోయి ఇంకోటి వస్తోంది. వచ్చేది సన్నబడుతోందా, ఆమే అలిసిపోతోందా, ఎవరికీ తెలియలేదు. ఆ ఊపిరి గట్టున పడేదాకా అక్కడ ఎవరి ఊపిరీ సరిగ్గా ఆడలేదు.

చాలాసేపటికి ఆమెకు మాట వచ్చింది.

"జర ఇంజను బందు జెయ్యి తమ్మీ. స్టేజీ మీద అయ్యగారు ఏమంటుండో ఇనబడుతలేదు."

మూడో రోజు కూడా ట్రాలీలోనే కూర్చుని విన్నది లీలమ్మ. మొక్కుబడి తీరింది. యెషయా గుడారం నుంచి మిగిలింది రంగు డబ్బా, అందులోని పొడి బట్టలు.

ఇప్పటికీ షెడ్డులో పెట్టె చుట్టడం అయిపోయాక యెషయా ఒక్క క్షణం ఆగి, లోపల ఏముందని అడుగుతాడు. ఇనుప సామాను అని చెప్పినా ఇంకోసారి అడుగుతాడు. పక్కవాళ్లు నవ్వుతారు. హోటల్లో కొత్తవాళ్లకు విమానం కథ చెప్పి, దుబాయి ప్రయాణికుడి దాకా వచ్చాక, అవునా కాదా చెప్పమని ఆయన వైపు తిరుగుతారు. యెషయా చాయ్ గ్లాసు కింద పెడతాడు.

"ఎగిరింది పట్టా. నేను కిందనే, లీల కాళ్లు రుద్దుకుంట కూసున్న."