నా బిడ్డ మారథాన్‌కు మారిన ఏడాది

నా బిడ్డ పదిహేను వందల మీటర్లు ఉరికేది. స్టేడియంల ట్రాక్ మీద నాలుగు రౌండ్లకు జర తక్కువ. రాష్ట్రంల అదే ముంగట, దేశంల గూడ ఫైనల్ దాక పోయేది. నాకు చదువు రాదు, సంతకం పెట్టుడొక్కటే వచ్చు. గని ఆ పరుగు మాత్రం నాకు మంచిగ సమజయ్యేది. ఎందుకంటె బిడ్డ పోయినట్టే పోయి మల్ల నా దిక్కే తిరిగొచ్చేది. మూడో రౌండ్ల దాని మొఖం చూస్తె చాలు, గెలుస్తదో లేదో చెప్పేదాన్ని. ఆఖరు రౌండుకు గంట కొడ్తరు. ఆ గంట ఇనంగనే నేను లేచి నిలబడేదాన్ని.

ముప్పై ఏండ్లు దగ్గర పడంగ ఆ ఆఖరు రౌండే దాన్ని దగా చేసింది. నిన్న మొన్న వచ్చిన పిల్లలు మూల తిరిగేకాడ దాటిపోవుడు మొదలువెట్టిండ్రు. ఒకసారి ఫైనల్ తప్పింది. మరుసటి ఏడు గూడ తప్పింది. అప్పుడు కోచ్ సారు మా ఇంటికొచ్చి, చాయ్ తాగుకుంట చెప్పిండు.

"అమ్మా, దీని కాళ్లల్ల స్పీడు తగ్గుతాంది గని దమ్ము తగ్గలె. మారథాన్‌కు పెడ్దాం. చానమంది గట్లనే మారుతరు."

"అదెంత దూరం సారూ?"

"వరంగల్ల బయలెల్లితె నర్సంపేట దాటి పోవాలె."

"నేను బస్సుల పోతెనే నడుము నొస్తది" అన్న. సారు నవ్విండు. నా బిడ్డ నవ్వలె.

సారు పోయినంక అది గోడకు ఒరిగి కూసోని అన్నది, "ఇదొక్కటి చూస్తనమ్మా. మొదటి మారథాన్ల సెలక్షనోళ్లు అడిగిన టైం వస్తె కొండల మీద మారథాన్ క్యాంపు ఉన్నది, ఆడికి తీస్కుంటరు. రాకపోతె బూట్లు ఇప్పేస్త. ఇగ ఉరుకుడు బంద్."

అంటె, గెలిస్తె నా కాడ ఉండది. ఓడితె ఇంటికాడ ఉంటది గని, ఉరకని నా బిడ్డ ఎట్లుంటదో నేను ఎన్నడు చూడలె. రెండిట్ల ఏది కావాలని మొక్కాలెనో తెల్వక, ఆ ఏడాది నేను ఏ దేవునికి మొక్కలె.

ఇంట్ల మేమిద్దరమే. మా ఆయన మార్కెట్ల హమాలీ. పత్తి బోరాలు మోసి మోసి, ఒకనాడు పగటిపూట గుండె ఆగి పోయిండు. బిడ్డ అప్పటికి బడికి పోతాంది. ఆనాటి సంది నేను మడికొండ రోడ్డు పక్కన సాయంత్రం పూట జొన్న రొట్టెలు చేసి అమ్ముతాన్న. కంప్యూటర్ ఆఫీసులోళ్లు బండ్లు ఆపి కొనుక్కపోతరు. ఆనాటి సందే ఇంకోటి గూడ అలవాటైంది. ఎవలన్న మంచి పనికి బయటికి పోతాంటె నేను ముంగటికి రాను. ముండమోసినామె ఎదురొస్తె పని కాదంటరు. మా తోటికోడలు అన్నది, మా ఆడిబిడ్డ అన్నది, ఆఖరికి నాకు నేనే అనుకున్న. బిడ్డ పోటీకి పోయే పొద్దు నేను వంటింట్ల ఉండేదాన్ని. పక్కింటి ముత్తైదువ ఎదురొచ్చేది. స్టేడియంల గూడ అన్నిటికన్న ఎనుక వరుసల కూసునేదాన్ని.

ఒక్కసారి, ఒక్కటే సారి, ఉండబట్టక కిందికి దిగి కంచె కాడ నిలబడ్డ. నా ముంగటికి రాంగనే బిడ్డ పడ్డది. మోకాలు చెక్కుకపోయింది. ఎనుకొచ్చే పిల్ల మేకుల బూటు దాని మడిమ మీద పడ్డదంట. ఇంటికొచ్చినంక, చూడొచ్చిన తోటికోడలు నా దిక్కు చూసింది, అంతే.

"అమ్మా, నా కాలు తొక్కింది ఆ పిల్ల. నువ్వు కాదు" అన్నది బిడ్డ. ఎన్నిసార్లు అన్నదో. నాకు చెవుల పడ్డది గని లోపటికి పోలె.

ట్రాక్ ఉన్నన్ని రోజులు స్టేడియంల పది మంది ఆడపిల్లలు. ఒకల జడ ఒకలు గుంజుకుంట, కోచ్ నడకను ఎక్కిరించుకుంట, నవ్వుకుంట ఉండేటోళ్లు. మారథాన్‌కు మారినంక ఎవలు లేరు. ఒకామె పెండ్లి చేసుకున్నది, ఒకామె పోలీసుల చేరింది. నా బిడ్డొక్కతే తెల్లారకముందు రోడ్డు మీద. ముంగాళ్ల మీద ఎగిరెగిరి ఉరికే మనిషిని, "ఎగురకు, జారినట్టు పో" అని సారు మొదటికెల్లి నేర్పిండు. ఇంటికొచ్చి నాతోని గూడ మాట్లాడకపోయేది. అన్నం తింటాంటెనే కండ్లు మూతపడేటియి.

ఇంకో కష్టం, తాగుడు. పదిహేను వందల మీటర్లల్ల నీళ్లు తాగే పనుండదు. ఈ పరుగుల మాత్రం ఉరుక్కుంటనే తాగాలె, లేకపోతె ముప్పై కిలోమీటర్లు దాటినంక ఒంట్ల ఏమీ మిగలదు. సారు ఏదో పొడి ఇచ్చిండు. నీళ్లల్ల కలిపి సీసాలల్ల పోసేదాన్ని. మొదట్ల తాగింది తాగినట్టే రోడ్డు పక్కన కక్కేది. మెల్లమెల్లగ కడుపు ఒప్పుకున్నది.

ఆదివారం పెద్ద పరుగు, నర్సంపేట రోడ్డు మీద. మా గల్లీల ఆటో నడిపే భాయ్ నన్ను, సీసాలను ఎక్కించుకోని ముంగట పోయేటోడు. కొంత దూరం పోయినంక ఆపుతడు. నేను దిగి సీసా అందియ్యాలె. చెయ్యి చాపి నిలబడాలె, అది ఉరుక్కుంటొచ్చి గుంజుకోవాలె. ఇంతే పని. నాతోని కాలె.

దూరంకెల్లి బిడ్డ నాకు ఎదురుంగ వస్తాంటె నా కాళ్లు ఉన్నకాడ ఉండకపోయేటియి. పక్కకు జరిగేదాన్ని. ఒకనాడు కిలోమీటరు రాయి కనపడ్డది. సీసా రాయి మీద పెట్టి ఆటో ఎనుకకు పోయిన. బిడ్డ ఉరుక్కుంటనే వంగి అందుకోబోయింది, సీసా జారి దొర్లి పొలంల పడ్డది. ఆగలె, పోయింది.

"ఏం పని అక్కా ఇది" అన్నడు భాయ్. "రాయి మీద పెట్టి దండం పెడ్తె తీస్కోనీకి, ఆమె ఏమన్న దేవతనా?"

"నడుపు తమ్మీ నువ్వు."

"నడుపుత గని, ముంగట ఇంకో రాయి ఉన్నది. దానికన్న బొట్టు పెడ్తవా?"

ఆ దినం ఆఖరుకు బిడ్డ కండ్లు తిరిగి కల్వర్టు మీద కూలబడ్డది. పత్తి చేన్ల నీళ్లు కట్టేటోళ్లు ఆగి చూస్తాండ్రు. నేను మొఖం తుడవబోతె చెయ్యి నూకేసింది.

"అమ్మా, నేను ఒక్కదాన్నే ఉరుకుతాన్న. ముంగట ఎవలు లేరు, ఎనుక ఎవలు లేరు. ఆ దూరంల మనిషన్నోళ్లు నువ్వొక్కదానివే కనపడ్తవ్. నువ్వు గూడ దాసుకుంటె నేను ఎవల దిక్కు ఉరకాలె?"

భాయ్, నేను కలిసి దాన్ని ఆటోల ఎక్కించినం.

పోటీ పట్నంల పడ్డది. ఉరికేటోళ్ల సీసాలు దారి మీద బల్లల మీద పెడ్తరు. ఒక్కో బల్ల కాడ మన మనిషి నిలబడి చేతికియ్యొచ్చు. పక్కన ఉరుకుతె మాత్రం తప్పంట. సారు మొదటి బల్లల సంగతి చూస్కుంటనన్నడు. ముప్పై కిలోమీటర్లు దాటినంక వచ్చే బల్ల నాకు పడ్డది. బిడ్డే కావాలని నన్ను పెట్టించింది.

"ఆడికొచ్చేసరికి నాకు కండ్లు మసక పడ్తయి. బల్ల మీద ఎతుక్కోలేను. నీ మొఖం ఎతుక్కుంట" అన్నది.

భాయ్ నన్ను పట్నం తోలుకపోయిండు. రోడ్డంత బంద్ చేసిండ్రు. ఆ ఖాళీ రోడ్డు మీద పొద్దు పొడిచింది. చీర మీద ఒక మెరిసే జాకెట్ ఏసిండ్రు, మున్సిపాలిటీ మనిషి లెక్క ఉన్న. బల్ల పక్కన ఇనుప కంచె ఉన్నది. నేను కావాలని ఈపు ఆ కంచెకు ఆనించి నిలబడ్డ, ఎనుకకు జరుగుదామంటె జాగా ఉండొద్దని.

ముందు ఒక గుంపు పోయింది. అండ్ల నా బిడ్డ లేదు. రోడ్డు మల్ల ఖాళీ అయింది. పక్క బల్ల కాడి ఆయన జేబుల చేతులు పెట్టుకున్నడు. ఇగ కూలబడ్డదేమో అనుకున్న. గప్పుడు దూరంల ఒక్కతే కనపడ్డది. ఆ మెడ ఒకదిక్కు వంచుడు నాకు తెలుసు. ముంగట ఎవలు లేరు, ఎనుక ఎవలు లేరు.

నా కాళ్లు మల్ల గదే పని చేసినయి. కంచె ఈపుకు ఒత్తుకున్నది. చెయ్యి చాపి, సీసా పైన పట్టుకోని, మొఖం తిప్పకుంట నిలబడ్డ. బిడ్డ నా కండ్లల్లకు చూసింది. తల్లిని చూసినట్టు కాదు. దూపైనోళ్లు నల్లాను చూసినట్టు చూసింది. దాని వేళ్లు నా వేళ్లకు తాకినయి, సల్లగ ఉన్నయి. సీసా పోయింది. అది గూడ పోయింది. పోతనే తాగింది, రెండు గుక్కలు, కక్కలె. రోడ్డు ఒంపు తిరిగేదాక చూసిన.

ఆడికెల్లి ఆఖరు గీత చాన దూరం. రోడ్లు బంద్, పోయేటందుకు దారి లేదు. కంచె కాడనే కూసున్న. మెల్లగ ఉరికేటోళ్లు వందల మంది రావట్టిండ్రు. ముసలోళ్లు, లావుటోళ్లు, ఫోన్ల మాట్లాడుకుంట పోయేటోళ్లు. నా జాకెట్ చూసి నీళ్లడిగిండ్రు, ఇచ్చిన. ఒకాయన "థాంక్స్ అమ్మా" అన్నడు.

భాయ్ ఫోన్ పట్టుకోని వచ్చిండు. సారు గొంతు. టైం వచ్చిందని, బిడ్డ పండుకోని ఉన్నదని, బాగనే ఉన్నదని చెప్పిండు. తర్వాత ఫోన్ బిడ్డకిచ్చిండు.

"తాగినమ్మా."

"చూసిన బిడ్డా."

అంతే. "ఏడుస్తాన్నవా అక్కా?" అన్నడు భాయ్. లేదన్న. నిజంగనే ఏడ్వలె. ఇగ పోతదని తెలిసింది, గంతే.

బిడ్డ క్యాంపుకు పోయి ఇప్పటికి చాన రోజులైంది. కొండల మీద సలి అంట, ఊపిరి తొందరగ అందదంట, కర్ణాటక పిల్ల ఒకామె రూముల ఉంటదంట, భాష రాదంట. ఆదివారం పెద్ద పరుగైనంక పగటిపూట ఫోన్ చేస్తది. నేను జొన్నపిండి పిసుక్కుంట మాట్లాడ్త.

"ఏం తిన్నవ్ బిడ్డా?"

"అన్నమే."

"కాళ్లు?"

"ఉన్నయి."

మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే నిద్రపోతది. నేను కట్ చెయ్య. ఫోన్ పొయ్యి పక్కన పెట్టుకుంట. ఆడ ఎవలో తలుపు తీస్తరు, బకెట్ల నీళ్లు పడ్తయి. మొన్న వాన వినవడ్డది, రేకుల మీద మస్తు వాన. ఈడ మాకు ఎండ కొడ్తాంది. ఆ వాన ఆగేదాక పిండి పిసికిన.