గంగి బొంత

రమాదేవికి బొంత కుట్టడం వాళ్ళమ్మ నేర్పింది. జమ్మలమడుగు పక్క పల్లెలో ఆమె పాత చీరలు పొరలుగా పరిచి, ఇంట్లో చచ్చిపోయిన ఎద్దు బొమ్మనో పాడి ఆవు బొమ్మనో పైన పేలికలతో అతికి, చుట్టూ సన్న కుట్టు వేసేది. నేర్పుతూ నేర్పుతూ ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. బతికున్నదాని బొమ్మ బొంత మీద కుట్టకూడదు, దాని ఆయుస్సు మీద మనం పడుకున్నట్టవుతుంది అని. రమాదేవి తనకు యాభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆ మాట దాటలేదు.

భర్త ఓబులేసు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. తార్నాకలో రెండో అంతస్తులో కాపురం. కింది వాటా వాళ్ళ బొచ్చుకుక్క చచ్చిపోతే, వాళ్ళ ఏడుపు చూడలేక రమాదేవి దాని బొమ్మతో ఒక బొంత కుట్టిచ్చింది. అక్కణ్ణుంచి కుక్కలు పోయినవాళ్ళంతా ఆమెను వెతుక్కుంటూ రావడం మొదలైంది. వచ్చినవాళ్ళను ఆమె అడిగేది ఒక్కటే. ఫోటోతో పాటు ఆ కుక్క పడుకున్న గుడ్డ తేవాలి, అదీ ఉతక్కుండా. చెవులు ఆ గుడ్డతోనే కత్తిరించేది. బొంత చేతికి రాగానే ఎవరైనా ముందు చెవి దగ్గరే ముక్కు పెట్టి ఏడుస్తారని ఆమెకు తెలుసు.

అలా వచ్చినావిడే శ్రీలలిత. రాజమండ్రి వైపు మనిషి, బ్యాంకులో ఆఫీసరుగా చేసి మానేసింది, క్యాంపస్ గోడను ఆనుకుని ఉన్న కాలనీలో సొంత ఇల్లు. ఆవిడ కుక్క బ్రూనో ఏసీలో పడుకుంది, పుట్టినరోజులకు కేకు తింది, పన్నెండేళ్ళకు పోయింది. రమాదేవి రెండు నెలలు కూర్చుని ఆ బ్రూనోని కుట్టింది. ముక్కుకు సరైన నలుపు దొరక్క ఓబులేసు గొడుగు కత్తిరించింది. బొంత విప్పి చూసి శ్రీలలిత ఈమెను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. రమాదేవి కూడా ఏడ్చింది. ఎంత ప్రేమగల మనిషి అనుకుంది. నిజమే, ప్రేమకేం లోటు లేదు. కాకపోతే అది ఆవిడ ఇంటి గేటు దగ్గర ఆగిపోతుందని రమాదేవికి అప్పుడు తెలియలేదు.

రమాదేవికీ ఒక కుక్క ఉంది, ఇంట్లో కాదు. రోజూ పొద్దున్నే ఆమె క్యాంపస్‌లో నడకకు పోతుంది. పాత హాస్టల్ వెనక, పచ్చరంగు గోడ పక్కన, ఎవరో ఎప్పుడో వదిలేసిన సిమెంటు గొట్టం ఉంది. గంగి అందులో ఉండేది. ఎడమ చెవి మడత పడి ఉంటుంది, కుడికంటి చుట్టూ గోధుమరంగు మచ్చ. ఏడేళ్ళుగా రమాదేవి డబ్బాలో పెరుగన్నం తెస్తే తిని, ఆమె చెప్పుల మీద గడ్డం ఆనించి కాసేపు పడుకునేది. చలికాలంలో గొట్టంలో తన పాత నేతచీర పరిచింది. నాకు మాత్రం రాత్రి మిగిలిన పెరుగు, దానికి అప్పుడే తోడుకున్న పెరుగా అని ఓబులేసు దెప్పేవాడు.

సైకిల్ మీద పోతున్న పిల్లవాణ్ణి ఏదో కుక్క తరిమిందని కాలనీ సంఘం కూర్చుని, గోడకు ఇవతలా అవతలా ఉన్న కుక్కలన్నిటినీ పట్టించాలని తీర్మానించింది. సంఘం కార్యదర్శి శ్రీలలితే. కుక్కలు పట్టే బండి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ గంగి దొరకలేదు. అదే రోజుల్లో ఆవిడ క్యాంపస్ హాల్లో కుక్క బొంతల ఎగ్జిబిషన్ ఏర్పాటు చేస్తూ, ఎనిమిది పోగయ్యాయి, ఇంకొకటి కుట్టమని రమాదేవికి ఫోన్ చేసింది.

అప్పుడే రమాదేవికి ఆ ఆలోచన వచ్చింది. బ్రూనోల పక్కన గంగి కూడా గోడకు వేలాడితే, అదీ ఒకరి కుక్కేనని నలుగురికీ తెలుస్తుంది. ఏడ్చిన మనిషి కదా, దీన్నొక్కదాన్ని వదిలేయండని శ్రీలలితే చెబుతుంది. అమ్మ మాట గుర్తుకొచ్చి ఒక పూట సూది పక్కన పెట్టింది. మర్నాడు మళ్ళీ తీసింది. గొట్టంలోని నేతచీర తెచ్చి చెవులు కత్తిరించింది. గొట్టం, పచ్చగోడ, పక్కనున్న వేపచెట్టు, ఏదీ వదల్లేదు. ఇంత బాగా ఎప్పుడూ కుట్టలేదని తనకే అనిపించింది.

బొంత పట్టుకుపోతే శ్రీలలిత కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎంత ముద్దుగా ఉందో అంది. ఇది ఎక్కడండీ అని అడిగింది. రమాదేవి మురిసిపోయింది. పాత హాస్టల్ వెనకని చెప్పి ఊరుకోలేదు. గొట్టానికి రెండోవైపు మట్టి పూడిపోయిందని, పెరుగన్నం తిన్నాక తొమ్మిదింటిదాకా అందులోంచి కదలదని, అడక్కుండానే అంతా చెప్పింది. శ్రీలలిత ఫోన్ తీసి బొంతకు ఫోటో తీసుకుంది.

మూడో రోజు పొద్దున రమాదేవి డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి గొట్టం ఖాళీగా ఉంది. హాస్టల్ వాచ్‌మన్ లచ్చయ్య ఆమె మొహం చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

"నిన్న మీరు పోయినంక బండొచ్చిందమ్మా. సక్కగ గీడికే వచ్చిన్రు. ఒకడు గొట్టం మూతికి వల వట్టిండు, గంతే."

"ఇంత జాగాలో ఈడుందని వాళ్ళకెట్ల తెల్సు?"

"ఫోన్ల ఫోటో ఉన్నదమ్మా. నాకు గూడ సూపెట్టి అడిగిన్రు. మీ బొంతదే."

రమాదేవి డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది. ఆ తర్వాత పది రోజులు ఆమె, ఓబులేసు ఆటోలో తిరిగారు. బండివాడు ఒకసారి అంబర్‌పేట్ అన్నాడు, ఇంకోసారి మల్కాజ్‌గిరి అవతల వదిలామన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. శ్రీలలిత మాత్రం ఎత్తింది. ఒక్క కుక్క కోసం తీర్మానం మార్చలేం కదండీ అని నెమ్మదిగా, ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకే రమాదేవికి ఒళ్ళు మండింది. అంతకంటే ఎక్కువగా తన నోటి మీద తనకు మండింది.

ఎగ్జిబిషన్ రోజు ఓబులేసు వద్దన్నా వెళ్ళింది. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా గంగి బొంత ఉంది. అన్నిటికంటే మంచి చోటు దానికే ఇచ్చారు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. కింద అందమైన కార్డు మీద గంగి జ్ఞాపకార్థం అని రాసి ఉంది.

"అది సచ్చిపోయిందని మీకెవురు చెప్పినారు మేడం?" అని అడిగింది రమాదేవి.

శ్రీలలిత ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇంక అది తిరిగి రాదు కదండీ రమాదేవి గారూ. మీకు కనీసం ఈ బొంతైనా మిగిలింది. నాకు బ్రూనోది మిగిల్లేదూ, అలాగే."

రమాదేవి ఆ చెయ్యి తీసేసింది. కుర్చీ లాక్కుని ఎక్కి బొంత దించింది. అక్కడే నేల మీద కూర్చుని, సంచిలోంచి చిన్న కత్తెర తీసి, మడత చెవి దగ్గర మొదలుపెట్టి కుట్లు విప్పసాగింది. జనం చుట్టూ మూగారు. ఇంత కష్టపడి కుట్టింది ఎందుకండీ పాడుచేస్తారని శ్రీలలిత ఒకటికి రెండుసార్లు అంది. రెండోసారి ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. బొంత కోసం.

"బతికుండేదాన్ని కుట్టగూడదని మాయమ్మ చెప్పింది. నేనే ఇనలేదు," అంది రమాదేవి తలెత్తకుండా. "అది సచ్చిపోయింది కళ్ళారా సూసినోళ్ళు ఎవురన్నా వచ్చి నాకు చెప్పాల. ఆ పొద్దు కుడతా."

చెవులు, మచ్చ, తోక ఒక్కొక్కటిగా విప్పి సంచిలో ఉన్న పెరుగన్నం డబ్బాలో పెట్టుకుంది. ఆమె వెనకే వచ్చిన ఓబులేసు పక్కన కూర్చుని, ఆమె కత్తిరించిన దారప్పోగులు ఏరుతూ ఉండిపోయాడు. గంట తర్వాత బొంత మీద గొట్టం, గోడ, వేపచెట్టు మాత్రం మిగిలాయి. గొట్టం ముందు కుక్క ఆకారంలో సూది రంధ్రాలున్నాయి. రమాదేవి వాటిని బొటనవేలితో ఎంత రుద్దినా పూడలేదు.