ముద్ర పడని వేళ్ళు

2022 జూలైలో, టెక్కలిలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి ఏడాది సెలవు పెట్టి ఒక అంతర్జాతీయ అభివృద్ధి అధ్యయన సంస్థలో చేరాను. పాఠాలు సగం, పరిశోధన సగం. క్లాసులో రకరకాల దేశాల పిల్లలు ఉండేవారు. నేను చెప్పేది సర్వే పద్ధతులు: ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలి.

కూలిపని చేసే ఆడవాళ్ళకు ప్రభుత్వ పథకాలు సరిగ్గా అందుతున్నాయా అన్నది ఆ ఏడాది మా ప్రాజెక్టు. ఆ ప్రాంతపు మనిషినని పలాస, కాశీబుగ్గలను నాకు అప్పగించారు. ప్రతి ఇన్వెస్టిగేటర్ చేతికీ ఒక ట్యాబ్, దానికి వేలిముద్ర తీసే చిన్న పరికరం ఇచ్చారు. ఇంటింటికీ తిరగకుండా టీకొట్టు దగ్గర కూర్చుని జవాబులు నింపేసేవాళ్ళు ఉంటారు. ఆ మోసం జరక్కుండా, చివర్లో ముద్ర స్పష్టంగా పడితేనే ఫారం దాఖలయ్యేలా పెట్టారు. పడకపోతే ఆ మనిషి ‘నాన్ రెస్పాన్స్’ కింద చేరిపోతుంది, అంటే జవాబివ్వని మనిషి అని. ఏర్పాటు భేషుగ్గా ఉందని క్లాసులో మెచ్చుకున్నదాన్ని నేనే.

గున్నమ్మను కాశీబుగ్గలో ఒక ఆదివారం ఉదయం కలిశాం. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచీ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. పిక్క పెంకులో ఉండే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకు ఎంత బూడిద పూసుకున్నా అంటుతూనే ఉంటుంది. ఆవిడ వేళ్ళ కొసలు నల్లగా, నున్నగా, గీతన్నది లేకుండా ఉన్నాయి. నాతో టాంజానియా నుంచి వచ్చిన విద్యార్థిని నీమా ఉంది. వాళ్ళ దేశంలోనూ జీడితోటలున్నాయి. పిక్కలు బస్తాలకెత్తి ఓడ ఎక్కించడం చూసింది గానీ, వాటిని కొట్టే చేతుల్ని చూడటం అదే మొదటిసారి.

గున్నమ్మ ముప్పావుగంట సేపు ఓపిగ్గా జవాబులు చెప్పింది. చివర్లో ట్యాబ్ ముందుకు జరిపాను. కుడి బొటనవేలు పడలేదు. ఎడమది పడలేదు. తడిగుడ్డతో తుడిపించి పది వేళ్ళూ పెట్టించాను. తెర మీద ఎర్రటి గుర్తు వచ్చి ఫారం మాయమైంది.

“ఇంతసేపూ నాను సెప్పిందంతా ఏటయిపోనాది?” అంది.

“మిషను తీసుకోలేదమ్మా.”

“నా ఏలు నచ్చకపోతే నా మాట కూడా నచ్చదేటి దానికి? రేషను బండి కాడా ఇదే గోల. ఈ పూటకి ఎల్లి రేపు రమ్మంతారు. ఆ సంగతే గదా ఇందాకట్నుంచి మీకు సెప్తన్నాను!”

“పైవాళ్ళకి చెబుతాను” అన్నాను.

“సెప్తామని ఎల్లినోలు మల్లీ రారమ్మా. కూకోండి. కాయితం మీద రాసుకోండి.”

ఆవిడ మనసు నొప్పించడం ఇష్టంలేక నోట్‌బుక్కులో రాసుకున్నాను. నేను ఇంగ్లీషులో చెబుతుంటే నీమా కూడా తన పుస్తకంలో రాసుకుంది. నిజం చెప్పాలంటే, ఆ రాతకు విలువ ఉంటుందని నేననుకోలేదు. ఒక మనిషి జవాబివ్వకపోతే మరొకరిని తీసుకోవచ్చని మా నియమావళిలో ఉంది. మర్నాటి నుంచి అదే చేశాం, ముద్ర పడని పిక్కలు కొట్టేవాళ్ళను వదిలేసి వేరేవాళ్ళను వెతికాం. కుట్టుపని చేసేవాళ్ళు, ఇళ్ళల్లో వంటచేసేవాళ్ళు, జీడిపప్పు పొట్టు తీసేవాళ్ళు దొరికారు. ముద్రలు చక్కగా పడ్డాయి. మాకు కావలసినంతమంది రెండు వారాల్లో అయిపోయారు. ‘పథకాలు అందడంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది కనిపించలేదు’ అని ముసాయిదా రిపోర్టులో మొదటి వాక్యం నేనే రాశాను.

దాన్ని క్లాసులో చదువుతుంటే నీమా చెయ్యెత్తింది.

“మేడమ్, రేషన్ బండి దగ్గర ముద్ర పడని ఆడవాళ్ళకు మన ట్యాబ్ మీద కూడా పడలేదు. వాళ్ళందరినీ మనం తీసేశాం. ఇక ఇబ్బంది ఉందని చెప్పడానికి ఎవరు మిగిలారు?”

క్లాసంతా నా వైపు చూసింది. పదిహేనేళ్ళుగా ఈ పాఠం చెబుతున్న నాకు మొహం చెల్లలేదు. ఇబ్బంది పడేవాళ్ళను ముందే గేటు బయట నిలబెట్టి, లోపలున్నవాళ్ళను ‘మీకేమైనా ఇబ్బందా’ అని అడిగాం. ఆ గేటు దగ్గర కాపలా ఉన్నది నేను.

మా ప్రాజెక్టు డైరెక్టర్ మర్యాదస్తుడు, గొంతు పెంచేవాడు కాదు. “మీరు చెప్పింది ముఖ్యమే. కానీ పద్ధతి మధ్యలో మార్చలేం. వచ్చే సర్వేలో చూద్దాం” అన్నాడు.

“వచ్చే సర్వేలో కూడా వాళ్ళ వేళ్ళకి గీతలు మొలవవు కదండీ.”

“ఫీల్డ్ ఇన్‌ఛార్జిగా మీ సంతకం లేనిదే రిపోర్టు వెళ్ళదు. ఆలస్యమైతే మీ కాంట్రాక్టు పొడిగింపు మీద కూడా ప్రభావం ఉంటుంది.”

“పొడిగించకండి. ఈ వాక్యం కింద మాత్రం సంతకం పెట్టను. ప్రాజెక్టులోంచి తప్పుకోను కూడా.”

గదిలోంచి బయటికొచ్చాక మనసు తేలికపడింది.

సంస్థ ట్యాబులు ఇవ్వలేదు, బండి ఇవ్వలేదు. నేనూ నీమా, ఇంకో ముగ్గురు విద్యార్థులూ సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి పలాసలో దిగేవాళ్ళం. మమ్మల్ని చూసి గున్నమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఓలమ్మో! నిజింగా వొచ్చినారేటి!”

ఆ తర్వాత ఆవిడే ముందు నడిచింది. జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే ప్రతి మనిషి ఇల్లూ ఆవిడకు తెలుసు. కొందరు భయపడ్డారు. ఏం రాస్తే పని పోతుందో, ఏ కార్డు తీసేస్తారో అని చేతులు చీరకొంగులో దాచుకున్నారు. “మా ఏలు పడదమ్మా” అని తలుపు వేయబోయిన ఒకావిడ మీద గున్నమ్మ గయ్యిమంది.

“ఏలు ఎవులడిగినారే నిన్ను? ఏలొద్దు, నోరు పెట్టు! ఇన్నాళ్ళూ మిషను మాటే ఇన్నారు. ఇప్పుడు నీ మాట సెప్పు!”

వీధంతా నవ్వింది. ఆ నవ్వుతో తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు చెప్పడం మొదలుపెడితే మా పెన్నులు అందుకోలేకపోయాయి. ముద్ర పడక పింఛను ఆగినవాళ్ళు, బియ్యం కోసం ఒక పూట పని పోగొట్టుకున్నవాళ్ళు, కొడుకు వేలు పెట్టించి వాడి దయమీద తింటున్నామని తలదించుకున్నవాళ్ళు. జవాబివ్వనివాళ్ళు ఒక్కరూ లేరు.

ఆ కాగితాల కట్ట తీసుకెళ్ళి సమీక్ష సమావేశంలో టేబుల్ మీద పెట్టాను. అనుబంధంగా చివర్లో చేరుద్దామన్నారు. కుదరదన్నాను. బయటి నుంచి వచ్చిన సమీక్షకురాలు ఒకావిడ, ముద్ర పడనివాళ్ళు ఎవరో ట్యాబ్ లెక్కల్లో చూపించమని డైరెక్టర్‌ని అడిగింది. అక్కడేముంది, ఖాళీ గడులు. ఆవిడ కాగితాలు ముందుకు లాక్కుని చదవసాగింది. మూడు గంటలు పట్టింది ఆ సమావేశం. ముసాయిదాలోని ఆ మొదటి వాక్యం కొట్టేశారు. పిక్కలు కొట్టేవాళ్ళ మాటలు రెండో అధ్యాయమయ్యాయి. అప్పుడు సంతకం పెట్టాను. నా కాంట్రాక్టు పొడిగించలేదు.

టెక్కలి తిరిగొచ్చిన నెలలో ఆ అధ్యాయాన్ని తెలుగు చేసి కాశీబుగ్గ పట్టుకెళ్ళాను. గున్నమ్మ వాకిట్లో పదిమంది చుట్టూ కూర్చుంటే చదివి వినిపించాను. అంతా విని గున్నమ్మ అడిగింది.

“ఇందల నా పేరు ఎక్కడుంది?”

“పేర్లు వెయ్యమమ్మా. మీకు ఇబ్బంది రాకూడదని దాచిపెడతాం. అది పరిశోధనలో నియమం.”

“ఎవుల నియమం? నాకు ఇబ్బందో కాదో నన్నడిగినారా? మిషను నన్ను నేదంది. మీరు ఉన్నానంతారు, మల్లీ పేరు దాసేత్తారు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాయడానికి ఏటమ్మా మీకంత బయ్యం?”

డైరెక్టర్‌ని ఎదిరించి వచ్చానన్న గర్వం ఆ వాకిట్లోనే దిగిపోయింది. ఆవిడ మంచి కోసమే అనుకుంటూ, ఆవిడను అడక్కుండానే ఇంకో నిర్ణయం తీసుకున్నాను.

రేషన్ దగ్గర ఆవిడ అవస్థ ఆ రిపోర్టుతో తీరిపోలేదు. వేలికి బదులు ఇప్పుడు కంటిపాప మిషనుకు చూపిస్తుంది, అదీ కొన్నిసార్లు పడుతుంది, కొన్నిసార్లు పడదు. ఆవిడ మాత్రం ఉత్తచేతులతో వెనక్కి రావడం మానేసింది. బియ్యం ఇచ్చేదాకా బండి ముందే కూర్చుంటుందట, తనలాంటి వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని.

నాకు బోధపడింది ఇది. లెక్కలోంచి ఎవరిని తీసేశామో చెప్పని సర్వే మీద, అది ఎంత గొప్ప సంస్థదైనా, నేను సంతకం పెట్టను. మనిషిని దాచాలన్నా, చూపాలన్నా ముందు ఆ మనిషినే అడుగుతాను. ఇది రాసేముందు కూడా వెళ్ళి అడిగాను.

“రాయండి” అంది. “గున్నమ్మ, కాశీబుగ్గ అని పెద్దచ్చరాల్తో రాయండి.”