మేడం మా నాయనతో చెప్పించిన పాఠం

మా సోషల్ మేడం ఇక లేరు. మొన్న పొద్దున పదో తరగతి దోస్తుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు చూసేసరికి నేను నాగర్‌కర్నూల్ బస్సులో ఉన్నాను. వనపర్తి దవాఖానలో పోయారట. పక్కసీటు ఆవిడ "ఏమైందమ్మా?" అని అడిగితే "మా మేడం" అన్నాను.

పాన్‌గల్ దగ్గరి మా హైస్కూలుకు డిజిటల్ బోర్డు వచ్చిన కొత్తలో దానికి దుప్పటి కప్పి ఉంచేవారు. పిల్లలు పాడుచేస్తారని భయం. మేడం వస్తూనే ఆ దుప్పటి లాగి కిటికీ మీద పడేసి, "దీనికేమన్న చలి పెడుతున్నదా?" అనేవారు. బోర్డు మొండికేస్తే కొంగుతో తుడిచి, "జర ఓపిక పట్టుండ్రి, దీనికి గూడ పొద్దుగాల బుర్ర పనిచెయ్యదు" అనేవారు. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

రాజధానుల పేర్లు వల్లెవేయించడం ఆవిడకు నచ్చేది కాదు. "పటం చూసుడంటే పేర్లు బట్టీ పట్టుడు కాదు. మనోళ్లు యాడున్నరో, ఆడ నేల గట్లెందుకున్నదో తెలుసుకునుడు" అనేవారు. మా క్లాసులో చాలామంది అమ్మానాన్నలు వలస పనుల్లోనే ఉండేవారు. వాళ్లను అడిగి ఫోన్‌లో లొకేషన్ తెప్పించుకోవాలి. మేడం రోజుకొకరి చోటు ఉపగ్రహ చిత్రంలో తెరిచి, అక్కడి నది, కొండ, వాన సంగతి చెప్పేవారు.

నేను తొమ్మిదిలో ఉండగా అమ్మానాయన పుణె అవతల బిల్డింగు పనిలో ఉన్నారు, నేను ఊళ్లో నాయనమ్మ దగ్గర. అక్కడే తమ్ముడు పుట్టాడు. వాణ్ణి చూసుకోవడానికి నన్ను బడి మాన్పించి, దసరాకు తీసుకుపోతానన్నాడు నాయన. ఈ మాట ఒక్క మేడంకే చెప్పాను. "మీ నాయనను లొకేషన్ పంపమను" అన్నారు, అంతే.

మర్నాడు ఆ చోటు బోర్డు మీద తెరిస్తే అంతా ముళ్లకంపే. బిల్డింగు లేదు, గుడిసెలు లేవు. ఆ ఫొటోలు పైనుంచి అప్పటికప్పుడు తీస్తున్నవేనని మా అందరి నమ్మకం. "మా అమ్మోళ్లు ఏమైండ్రు మేడం?" అని ఏడ్చేశాను.

మేడం నన్ను దగ్గరికి తీసుకున్నారు. "పిచ్చిదానా, ఇది పాత ఫొటో. మీవోళ్లు పోకముందు తీసింది. ఇప్పుడెట్లున్నదో మీ నాయననే అడుగుదం."

వీడియో కాల్ కలిపి బోర్డు మీదికి తెచ్చారు. సిమెంటు దుమ్ముతో మా నాయన! ఎదురుగా క్లాసంతా కనబడేసరికి కంగారుపడి తలకు చుట్టిన తువాలు తీసేశాడు.

"అన్నా, జర ఆడి మట్టి చూపియ్యుండ్రి" అన్నారు మేడం.

నాయన ఫోన్ పునాది గుంత వైపు తిప్పాడు. "పైన నల్లమట్టి మేడం, కింద నల్లరాయి. మన తాన లెక్క ఎర్రచెల్క కాదు." తర్వాత దూరంగా కొండలు చూపించాడు. "ఆ కొండల అవతల వాన దంచుతదంట. ఈడికొచ్చేసరికి తగ్గుతది."

"విన్నరా? వర్షచ్ఛాయ ప్రాంతమంటే గిదే" అని మేడం మా వైపు తిరిగారు. మళ్లీ నాయనతో, "అన్నా, ఈ పిల్ల మంచిగ చదువుతది. తీసుకపోకుండ్రి" అన్నారు.

"మరి చిన్నోణ్ణి ఎవరు చూడాలె మేడం?"

"అది మనం పెద్దోళ్లం ఆలోచన చేద్దం. పిల్ల మీద ఎయ్యకుండ్రి."

నాయన తీసేసిన తువాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "సరే మేడం" అన్నాడు చివరికి. తమ్ముడి కోసం నాయనమ్మ పుణె పోయింది. నాకు మేడం హాస్టల్లో సీటు ఇప్పించారు. ఇప్పుడు నేను అచ్చంపేటలో పిల్లలకు సోషలే చెబుతున్నాను. మేడం అంటే గౌరవమే కాదు, నాకు చెప్పలేనంత ప్రేమ.

నాయన ఇంకా పుణెలోనే ఉన్నాడు. పండుగలకు ఊరికొచ్చినప్పుడల్లా బడికి సెలవులే. తర్వాత మేడం గద్వాల వైపు బదిలీ అయ్యారు. అలా ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. మేడం పోయారని నేను ఫోన్ చేసి చెప్పగానే "నేను గూడ వస్త బిడ్డా" అన్నాడు. మర్నాడు బస్సు దిగి నేరుగా మేడం ఇంటికే వచ్చాడు.

జనం పక్కకు జరిగి దారిచ్చారు. నాయన చెప్పులు విడిచి, మేడం తల దగ్గర వంగి మెల్లగా అన్నాడు.

"మేడం, నేను... ఆ పిల్ల నాయనను."