నాయన పేరు మీద మామ ఛాతీ

మా నాయన సేఠ్‌కు భయపడడు, పోలీసోళ్లకు భయపడడు. దవాఖాన అంటే మాత్రం పెయ్యంత వణుకుతది. రోజూ దగ్గుతనే ఉంటడు, అడిగితే "దూదిపొట్టు పోయింది బిడ్డా" అంటడు.

నాయన, మా అమ్మ తమ్ముడు ఊరిడిచి వచ్చి ఖటోదరా పేటల ఒక్క షెడ్డులనే బట్ట నేసే సాంచెలు నడుపుతరు. నాయనది పగటి పాళీ, మామది రాత్రి పాళీ. ఒకరికి బాగలేకుంటే ఇంకొకరు పోయి ఆ జాగల నిలబడుతరు, దాన్ని బద్లీ అంటరు. సాంచె ఆగొద్దు, గంతే. ఎవలు నిలబడ్డరని ఎవ్వరడగరు.

పోయిన చలికాలం మేముండే నవాగామ్‌ల గల్లీకి ఎక్స్‌రే బండి వచ్చింది. ఫొటో తీసినంక ముందుగాల కంప్యూటర్ చూస్తదట. ఇప్పుడున్న రోగమే కాదు, ముందు ముందు వచ్చేటట్టుంటే గూడ చెప్తదట. ఇంకేంది, నేను ఉరికి పోయి నాయన పేరు రాయించిన, నా ఫోన్ నంబరిచ్చిన. తెల్లారి నాకు లేసు కుట్టే పనుండె. నాయనను మామతోని తోలిన.

"అయ్యిందా నాయనా?"

"ఆఁ, అయ్యింది" అన్నడు, మొఖం అటు తిప్పుకొని.

కొన్ని దినాలకు ఫోన్‌ల మెసేజ్ వచ్చింది, హిందీల. ఇప్పుడైతే రోగం కనిపిస్తలేదు, గని ఊపిరితిత్తుల రోగం వచ్చే ప్రమాదం ఎక్కువుంది, పెద్ద స్కాన్ చేయించుకోండి అని. అమ్మకు చదివి చెప్పుకుంటనే ఏడుస్తున్న. అమ్మ గూడ మొదలువెట్టింది. నాయన మా ఇద్దరిని చూసి నవ్విండు.

"ఎందుకేడుస్తున్నరే? అది నా ఛాతీ కాదు."

"మరి ఎవలది?" అన్నది అమ్మ.

"నీ తమ్మునిది. నాకు భయమైంది. నా పేరు చెప్పి వాడే పోయి నిలబడ్డడు."

అమ్మ కండ్లు తుడుచుకొని "సాంచె కాడ బద్లీ, ఛాతీకి గూడ బద్లీనా? సిగ్గుండాలె జర!" అన్నది. నాకు గూడ నవ్వొచ్చింది. గంతల్నే అమ్మ మళ్ల ఫోన్ దిక్కు చూసింది. ఆ ఛాతీ తన తమ్మునిది గదా. నాయన నవ్వు గూడ ఆగింది.

మామకు దగ్గు గూడ లేదు. పొద్దున పాళీ దిగి, నెత్తిమీద దూదిపొట్టుతోనే వచ్చి చాయ్ తాగుతుంటే చదివి చెప్పిన.

"పేరు బావదే గదా, బావకే రానీ" అన్నడు. ఎవ్వరం నవ్వలే. గ్లాసు కింద వెట్టిండు. "ఇప్పుడైతే లేదన్నది గదనే? లేని రోగానికి ఏడ తిరగాలె?"

"దారం తెగకముందే పలచబడితే నీ చేతికి తెలుస్తది గదా మామా. గట్లనే ఇది గూడ."

"దారమైతే ముడేస్త. దీనికేం ముడేస్త, నువ్వు చెప్పు."

నేను మెసేజ్‌ల స్కాన్ అన్న కాడ ఏలు వెట్టి చూపిన. అమ్మ మాత్రం ఇడిచిపెట్టలే. పెద్ద దవాఖానకు పోదామని రోజూ గుంజింది. ఆడ ఆ ఫొటో వేరే పేరు మీద ఉన్నదని మళ్ల మొదటి నుంచి తీసిండ్రు. స్కాన్‌కు పోయిన దినం మామ రాత్రి పాళీ గూడ నాయననే చేసిండు. తెల్లారి కండ్లెర్రగ ఇంటికొచ్చి, "దవాఖానల ఏమన్నరు?" అని అడిగిండు. చెప్పులు గూడ ఇడవలే.

ఇంక నాయన వంతు, ఆయన ఎక్స్‌రే ఇంక తీయనే లేదు గదా. ఇద్దరు ఒక్కసారి పోలేరు, సాంచెలు ఎవలు చూస్తరు? అందుకే ఆ పొద్దు షెడ్డుల మామ నిలబడ్డడు. "ఈసారి ఆడికి నేను రాను బావా" అని చెప్పే పోయిండు.

ఎక్స్‌రే రూము కాడ నాయన పేరు పిలిచిండ్రు. నాయన లేచి, వెనుకకు తిరిగి చూసిండు. వెనుక నేనొక్కదాన్నే ఉన్న. అంగి గుండీలు ఇప్పుకుంట లోపలికి పోయిండు. నేను ఫోన్ చేతిల పట్టుకొని బల్ల మీద కూసున్న. మామ స్కాన్ మెసేజ్ గూడ ఇంక రాలే.