ఎన్సియో కంగాస్ సెట్టింగులు

ఎన్సియో కంగాస్ తన ఇంట్లో 'తోడేళ్ళ లోయ' అనే వీడియో గేమ్‌ను నాలుగు వందల పన్నెండు గంటలు ఆడాడని ఆ గేమే చెబుతుంది. అందులో ట్రైనింగ్ గది గుమ్మం దాటి అసలు లోయలో గడిపింది పదకొండు నిమిషాలు. తక్కిన కాలమంతా సెట్టింగులు సరిచేసుకోవడానికే పోయింది. మొదటి అంకెను ఆయన గర్వంగా చెప్పుకుంటాడు. రెండోదాని సంగతి ఎవరైనా ఎత్తితే, "నేనింకా మొదలుపెట్టలేదు కదా" అంటాడు.

వయసు అరవై ఒకటి. కౌంటీ రోడ్ల శాఖలో ముప్పై రెండేళ్ళు మంచు తోసే లారీ నడిపి రిటైరయ్యాడు. లారీ కదిలే ముందు మూడు అద్దాలు, సీటు ఎత్తు, ముందుండే ఇనుప పలక వాలు, హీటర్ గాలి ఏ మోకాలికి తగలాలన్న సంగతి, ఇవన్నీ కుదరాలి. అంతసేపూ హెమ్‌లాక్ ఊరు మంచులో కూరుకుపోయి ఎదురుచూసేది. అయితే ఒకసారి కదిలాడంటే ఆయన వెనకాల రోడ్డు నాకిన కంచంలా ఉండేదని ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

నవంబరులో జింకల వేట మొదలయ్యే ముందు వారం ఊళ్ళో తుపాకులన్నీ ఆయన ఇంటి వెనక ఉన్న కంకర గోతికి చేరతాయి. మూడు గుండ్లు కాల్చడం, గురి అద్దం మర ఒక్క మెట్టు తిప్పడం, మళ్ళీ మూడు గుండ్లు కాల్చడం. ఆయన గురి సరిచేసిన తుపాకులతో ఊరంతా జింకలు కొట్టింది. ఆయన మాత్రం ఒక్కటీ కొట్టలేదు. ఓ ఏడాది పది కొమ్మల మగజింక ఎదురుగా వచ్చి నిలబడితే ఈయన మర తిప్పుతూనే ఉన్నాడట. అది కాసేపు చూసి, విసుగు పుట్టి, వెళ్ళిపోయిందట. ఆ జింక మీద నాకు సానుభూతి ఉంది.

మోకాలి ఆపరేషన్ జరిగిన చలికాలంలో అక్క ఐలీ ఆయనకు ఈ గేమ్ తెచ్చిచ్చింది. ఎన్సియో దాన్నీ తుపాకీలాగే చూశాడు. ట్రైనింగ్ గది గోడకు మూడు బాణాలు, కంట్రోలర్ చురుకు ఒక్క మెట్టు, మళ్ళీ మూడు బాణాలు. వెలుతురు, అడుగుల చప్పుడు, సంగీతం, స్క్రీన్ అదురు, చూపు వెడల్పు, ఒక్కొక్కటీ వారాల తరబడి సాగేది. ఈ పిచ్చి వల్ల లోకానికి మేలే జరిగింది. గేమ్ పెడితే చాలు వాంతి వస్తోందని పోస్ట్‌మ్యాన్ ఎల్డన్ వాపోతే, ఎన్సియో వాళ్ళింటికి వెళ్ళి వైద్యుడిలా ప్రశ్నలు వేశాడు. టీవీకీ సోఫాకీ ఎన్ని అడుగులు? కిటికీ ఏ వైపు? భోజనం ముందా, తర్వాతా? స్క్రీన్ అదురు తీసేసి, చూపు వెడల్పు పెంచి వచ్చాడు. ఎల్డన్‌కు వాంతులు ఆగిపోయాయి. వాళ్ళావిడ యాలకుల రొట్టె పంపింది.

ఐలీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరవై ఆరేళ్ళ ఆవిడ, బడి వంటశాలలో జీవితమంతా గరిటె తిప్పిన మనిషి. గేమ్ డబ్బాలోంచి ఎలా వస్తే అలాగే ఆడుతుంది. "నొక్కితే కత్తి తిరగాలి. అంతకు మించి నాకు దానితో పని లేదు" అంటుంది.

ప్రతి ఫిబ్రవరిలో ఒక శనివారం ఫైర్ ఇంజన్లను బయట మంచులో నిలబెట్టి, ఆ షెడ్డులో మా హెమ్‌లాక్‌కూ పక్క ఊరు పాయింట్ రూజ్‌కూ మధ్య ఈ గేమ్ పోటీ పెడతారు. జట్టుకు ఇద్దరు. పన్నెండు నిమిషాల్లో ఎక్కువ మంచు రాక్షసులను చంపినవారిది గెలుపు. గత మూడేళ్ళూ ఫైనల్లో ఐలీ ఓడిపోయింది, మూడుసార్లూ పాయింట్ రూజ్ డెల్ఫీన్ రొబిలార్డ్ చేతిలోనే. ఈ ఏడాది ఐలీ జోడీ ఎల్డన్ పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఆస్పత్రిలో చేరాడు. అందుకే సోమవారం పొద్దున్నే ఆవిడ తమ్ముడి వంటింట్లోకి వచ్చి నిలబడింది. న్యాయ సహాయ కేంద్రం కాగితాల మీద ఎన్సియో సంతకం కోసం వెళ్ళి, ఆయన తన కుర్చీ ఎత్తు సరిచేసుకునే దాకా కాచుకుని ఉన్న నేను, ఆ కేంద్రం లాయరుని, ఆ సంభాషణకు సాక్షిని.

"ఏరా, శనివారం నాతో ఆడతావా లేదా? ఒక్క ముక్క చెప్పు."

"ఆడతానే అక్కా. నావి ఇంకా ఖాయం కాలేదు గానీ."

"నాలుగొందల గంటలైందిరా! ఆ గోడ నీకేం ద్రోహం చేసింది?"

"చూపు వెడల్పు తొంభై రెండా, తొంభై నాలుగా అన్నది తేలట్లేదు."

"నువ్వు తేల్చేలోపు నన్ను పాతిపెట్టేస్తారు."

"నేల గడ్డకట్టి ఉంది. ఏప్రిల్ దాకా ఎవర్నీ పాతిపెట్టరులే."

ఐలీ నవ్వలేదు. కాఫీ కప్పును ఎడమ చేత్తో అందుకుంది. ఎన్సియో చూపు అప్పుడు ఆవిడ కుడిచేతి మీద పడింది. బొటనవేలు కర్రముక్కలా నిటారుగా ఉంది.

"అదేంటే?"

"కీళ్ళు. శరత్కాలం నుంచీ వంగట్లేదు. డాక్టరేమో పుస్తకాలు చదువుకోమన్నాడు. పుస్తకంతో కొడితే డెల్ఫీన్ మీద పాయింట్లొస్తాయా?" గొంతు తగ్గించి అంది. "ఎడమదీ మొదలైందిరా. వచ్చే చలికాలానికి కంట్రోలర్ పట్టుకుంటానో లేదో. ఒక్కసారి, ఒక్కసారి దాన్ని ఓడించాలి."

ఆ గేమ్‌లో దూకడం, బాణం వేయడం, పక్కకు దొర్లడం, అన్నీ కుడి బొటనవేలి కిందే ఉన్నాయి. ఎన్సియో నాలుగు రోజులు బయటికి రాలేదు. మొదటిసారి తన సెట్టింగులు వదిలేసి ఇంకొకరివాటితో కూర్చున్నాడు. బొటనవేలి పనులన్నీ వెనక వేళ్ళకు మార్చాడు. నొక్కి పట్టుకోవాల్సిన చోట ఒక్కసారి తడితే చాలేలా మార్చాడు. తన కుడి బొటనవేలికి ఐస్‌క్రీం పుల్ల కట్టుకుని పరీక్షించాడు. గురువారానికి ముప్పై ఒక్క మార్పులు తేలాయి. ఐలీ ఆడి చూసి, "ఇదేదో బానే ఉందిరా" అంది. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మాట ఆయన ఎన్నడూ వినలేదు.

చిక్కల్లా నేను రాసిన నియమంతో వచ్చింది. మొదటి ఏడాది పోటీలో ఎన్సియో సెట్టింగులు చూసుకుంటూ యాభై నిమిషాలు గడిపాడు. కాఫీ అయిపోయింది, పాయింట్ రూజ్ వాళ్ళు సగంమంది ఇళ్ళకు పోయారు. న్యాయం ఆలస్యమవడాన్ని సహించలేని నేను ఆ రాత్రే కూర్చుని నియమం రాశాను. ఎవరూ సొంత యంత్రాలు తేకూడదు. ముందు ఆడినవారు వదిలిన సెట్టింగులతోనే మొదలుపెట్టాలి. ప్రతి ఆటగాడికీ మార్చుకోవడానికి రెండు నిమిషాలు. జోడీ ఇద్దరి గడువూ ఒకేసారి నడుస్తుంది. ఈల వేశాక మెనూ తెరిస్తే ఓటమి. ఆ నియమం మీద నాకు చాలా గౌరవం ఉండేది. వంగని బొటనవేలితో ముప్పై ఒక్క మార్పులు రెండు నిమిషాల్లో చేయడం ఎవరికీ సాధ్యం కాదన్న సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు.

శనివారం తొలి ఆటల్లో ఎన్సియో గేమ్‌లోని తన బొమ్మను ఒక గోడ పక్కకు చేర్చి, సెట్టింగులు కుదరలేదని ఇక కదపలేదు. స్తంభంలా నిలబడ్డాడు. ఐలీ నాలుగైదు మార్పులు మాత్రం చేసుకుని, మిగతాది తిట్ల బలంతో నెట్టుకొచ్చింది. మధ్యాహ్నానికి ఫైనల్. ఎదురుగా డెల్ఫీన్, ఆవిడ భర్త ఒడిలాన్. ఒడిలాన్ మాట్లాడడు, మాట్లాడే పని డెల్ఫీన్ చూసుకుంటుంది.

"ఏమయ్యా ఎన్సియో, నీ బొమ్మ బతికే ఉందా? దానిమీద మంచు పేరుకుంటోంది, నీ లారీ తెచ్చి తోసెయ్యకపోయావా?"

ఎన్సియో నేరుగా రిఫరీగా కూర్చున్న నా బల్ల దగ్గరికి వచ్చాడు. "లాయరమ్మా, నా రెండు నిమిషాలూ అక్క కంట్రోలర్ మీద వాడొచ్చా?"

"కుదరదు!" డెల్ఫీన్ కుర్చీలోంచి లేచింది. "ఎవరివి వాళ్ళే చేసుకోవాలి. ఇలా ఒప్పుకుంటే రేపు వీళ్ళకు బదులు వీళ్ళ పాస్టర్ వచ్చి బాణాలు వేస్తానంటుంది!"

షెడ్డంతా నా వైపు చూసింది. నేను నియమం తీసి చదివాను. ప్రతి ఆటగాడికీ రెండు నిమిషాలు ఉన్నాయన్నది స్పష్టం. అవి ఎవరి కంట్రోలర్ మీద ఖర్చు చేయాలన్నది రాసినావిడ చెప్పలేదు. రాసినావిడ తొందరలో ఉంది. నియమంలో ఖాళీ ఉన్నచోట అది బలహీనుల పక్షాన నిండాలని నా విశ్వాసం.

"వాడుకోవచ్చు. కానీ మీ కంట్రోలర్‌ను ముట్టుకోవడానికి మీకిక సమయం మిగలదు. ముందు ఆడినవారి సెట్టింగులతోనే ఆడాలి."

"ముందు ఆడిందెవరు?"

"పాస్టర్ బెరిట్."

షెడ్డులో ఎవరో "అయ్యో" అన్నారు. పాస్టర్ బెరిట్ ఒకప్పుడు చిన్న విమానం నడిపేది. అందుకే మీటను పైకి తోస్తే కిందికి, కిందికి లాగితే పైకి చూసేలా పెట్టుకుంటుంది. పైగా చురుకు చివరి మెట్టులో. వేలు తగిలితే చాలు, బొమ్మ గిర్రున తిరుగుతుంది. ఎన్సియో ముఖం తెల్లబోయింది. బ్రేకుల్లేని లారీని కొండ మీద నుంచి దించమన్నా ఆయన అంత భయపడి ఉండడు.

"వద్దులేరా, నేనెలాగో ఆడతా" అంది ఐలీ.

"నువ్వూరుకోవే. లాయరమ్మా, గడియారం మొదలుపెట్టండి."

ముప్పై రెండేళ్ళు ఊరిని ఎదురుచూడబెట్టిన మనిషి రెండు నిమిషాలు ఎలా పని చేశాడో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాగితం లేదు, తడబాటు లేదు. ఒక నిమిషం యాభై ఎనిమిది సెకన్లకు ముప్పై ఒకటోది పూర్తిచేసి, కంట్రోలర్‌ను అక్క ఒళ్ళో పెట్టాడు. నేను ఈల వేశాను.

ఆయన బొమ్మ వెంటనే బొంగరమైంది.

"అక్కా! ఆకాశం కనబడుతోంది!"

"కిందికి చూడరా!"

"కిందికి లాగితేనే ఆకాశం వస్తోంది!"

"అయితే పైకి తొయ్యి!"

"ఇప్పుడు నా బూట్లు కనబడుతున్నాయి!"

గిర్రున తిరుగుతూ చేతిలోని గొడ్డలితో పీపాలు పగలగొట్టాడు, గుడిసె కూల్చాడు, తన గుర్రాన్నే గాయపరిచాడు. ఆ లోయలో మంచు రాక్షసులు చప్పుడు ఎక్కడుంటే అక్కడికి వస్తారు. మూడో నిమిషానికి వాళ్ళు పెళ్ళి భోజనాల పంక్తికి వచ్చినట్టు ఆయన చుట్టూ చేరారు. ఆయన చచ్చిపోయాడు. గేమ్ ఆయనను మళ్ళీ బతికించింది. మళ్ళీ తిరిగాడు. ఐలీ కొండ మీద మోకాలేసి కూర్చుని, వెనక వేళ్ళతో ఒక్కో బాణం తీరిగ్గా వేసింది.

"నా రాక్షసులేరి?" డెల్ఫీన్ ఖాళీ లోయలో అటూ ఇటూ పరుగెత్తింది. "ఒడిలాన్! ఏరి?"

ఒడిలాన్ ఆ రోజంతటిలో ఒకే ఒక్క మాట అన్నాడు. "అక్కడ."

వాళ్ళిద్దరూ అక్కడికి చేరేసరికి తొమ్మిదో నిమిషం. అప్పటిదాకా వెనకబడ్డ డెల్ఫీన్ వరసగా నరుక్కుంటూ వచ్చింది. ఆఖరి నిమిషానికి రెండు పక్కలా ముప్పై ఏడు.

"అక్కా, మెనూ ఒక్క క్షణం..."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా! తిరుగు!"

ఎన్సియో కళ్ళు గట్టిగా మూసుకుని తిరిగాడు. తిరుగుతున్న గొడ్డలి ఒక రాక్షసుడి మెడకు తగిలింది. ఐలీ ఆఖరి బాణం ఇంకొకడికి దిగింది. ఈల. ముప్పై తొమ్మిది, ముప్పై ఏడు.

ఐలీ కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి చాపింది. డెల్ఫీన్ ఆ చెయ్యి పట్టుకుని, వదలకుండా దగ్గరికి లాగింది.

"ఆ వెనక వేళ్ళ ఏర్పాటు నాకూ చేయించవే. ఎవరికీ చెప్పకు గానీ, నా బొటనవేలు రెండేళ్ళుగా ఇలాగే ఏడుస్తోంది."

"రెండేళ్ళుగానా? ఆ వేలితోనే నన్ను రెండుసార్లు ఓడించావా? సిగ్గులేని ముండా!" ఐలీ అంత సంతోషంగా ఎవరినైనా తిట్టడం నేను అంతకు ముందు వినలేదు. ఇద్దరూ కాఫీ డబ్బా దగ్గరికి నడిచారు.

ఎన్సియో మాత్రం కుర్చీలోంచి లేవలేదు. కళ్ళు తిరుగుతున్నాయని చెప్పాడు. కాసేపటికి, "నేను ఒకణ్ణి చంపానా?" అని అడిగాడు. చంపావని చెప్పాం. నమ్మలేదు. మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఆదివారం పొద్దున నా నియమాన్ని నేనే సవరించాను. చేతికి గాని, కంటికి గాని, చెవికి గాని ఇబ్బంది ఉన్న ఆటగాడికి అవసరమైనంత సమయం హక్కుగా దక్కాలి, దానికోసం ఎవరి సమయమూ అరువు అడగనక్కర్లేదు. ఆ వాక్యం నాకు బాగా నచ్చింది. ఐలీకి వినిపించాను.

ఆవిడ తల పట్టుకుంది. "నీకు బుద్ధుందా లాయరమ్మా? వాడికి రెండు కళ్ళూ, రెండు చెవులూ ఉన్నాయి!"

వైద్యుడి చీటీ ఉంటేనే అన్న షరతు చేర్చడానికి కలం తీసేలోపే, ఎన్సియో బూట్ల మంచు దులుపుకుంటూ, ఒక కన్ను చిట్లించుకుని, గుమ్మంలోకి వచ్చేశాడు.