జొన్నకీ సజ్జకీ ఇవ్వలేకపోయిన స్వెట్టర్

ఈ సాయంత్రం వనపర్తిలో చలిగాలి మొదలైందో లేదో, మా అమ్మాయి నాగర్‌కర్నూల్ హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. తను ఎలా ఉందో చెప్పలేదు, నేనెలా ఉన్నానో అడగలేదు. పెరట్లో ఉన్న తన గినీ పిగ్‌ల గురించే బెంగంతా. కుందేలు పిల్లల్లా ఉండే ఆ రెండింటికీ జొన్న, సజ్జ అని పేర్లు పెట్టి, నాకు అప్పజెప్పి చదువుకు పోయింది.

"అమ్మా, వాటికి చలి పెడ్తుండొచ్చు. బీరువల నా పాత స్వెట్టర్ ఉంది గదా, అది గూట్ల ఎయ్యి. నా వాసనొస్తే మంచిగ పండుకుంటయ్. నేను లైన్లనే ఉంట."

ఫోన్ ఒక చేత్తో, స్వెట్టర్ ఒక చేత్తో పట్టుకుని పెరట్లోకి వెళ్లాను. దసరా సెలవుల్లో విడిచిన స్వెట్టర్ అది. ఇప్పటిదాకా ఉతకలేదు. బద్ధకం అనుకుంటారు మా ఇంట్లోవాళ్లు, అనుకోనీ.

గూటి ముందు నిలబడ్డాక మనసొప్పలేదు. గడప పక్కనున్న గొంగడి తెచ్చి గూటి మీద కప్పాను, లోపల ఎండుగడ్డి మందంగా పరిచాను. రెండూ అందులోకి దూరి ముక్కులు మాత్రం బయటపెట్టాయి.

"ఏసినవా అమ్మా?"

"ఏసిన బిడ్డా."

"మరి పండుకున్నయా?"

"ఆ, మంచిగ పండుకున్నయ్," అన్నాను, స్వెట్టర్‌ని ముఖానికి ఆనించుకుని.

గినీ పిగ్‌లతో వాటాకొచ్చిన తల్లిని నేనొక్కదాన్నేనా? మీరైతే ఇచ్చేవారా? నిజం చెప్పండి.